తోక బయటికొచ్చిన దుప్పటి మూట

మా బంధువుల్లో తిరుగుతున్న కథ ఇది: ఉప్పల్‌లో మేం అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు మా నల్లకుక్కను చూడగానే సాక్షాత్తూ కాలభైరవుడే గడప తొక్కాడనుకుని, రెండు చేతులూ జోడించి ఇల్లు ఇచ్చేసిందట. మా ఆడపడుచు దీన్ని ప్రతి పెళ్లిలోనూ చెబుతుంది. చెప్పినప్పుడల్లా ఆ దండం కాస్త పెద్దదవుతుంది. పోయిన నెలకు సాష్టాంగం దాకా వచ్చింది. ఆ రోజు గేటు దగ్గర ఉన్నది నేను. ఆడపడుచు ఏలూరులో ఉంది. ఇంటామె దండం పెట్టలేదు. ఎండ కళ్లల్లో పడుతుంటే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అదీ ఒక్క చెయ్యి.

కుక్కల కోసం మొగుడి చేత ఊరు మార్పించానన్నది వాళ్ల రెండో అబద్ధం. ఆయనకు నాచారంలో ఒక ఇంజనీరింగ్ యూనిట్లో పని దొరికింది, అందుకు వచ్చాం. ఆ కబురు విని ఆయనకన్నా నేనే ఎక్కువ ఎగిరానన్నది మాత్రం ఒప్పుకుంటాను. ఏలూరులో మా అపార్ట్‌మెంటు వాళ్లు కుక్కలను లిఫ్టు ఎక్కించకూడదని తీర్మానం చేశారు. మాది నాలుగో అంతస్తు. పదమూడేళ్లు నిండి, రెండు కళ్లూ పోయిన మా నల్లకుక్కను రోజుకు మూడుసార్లు చంకనేసుకుని మెట్లు దిగాను, ఎక్కాను. ఆ తీర్మానం రాసిన పెద్దమనిషి లిఫ్టులో సిగరెట్లు కాలుస్తాడు. ఆ మాట మీటింగులోనే అన్నాను కాబట్టి, లిఫ్టు ఆశ ఇక లేదు.

ఇల్లు చూసుకోవడానికి వచ్చిన రోజు నాచారంలో మందుల షాపుకు వెళ్లి పిడుదుల మందు ఉందా అని అడిగాను. షాపతను తలెత్తకుండా, "కుక్క బరువెంతమ్మా?" అన్నాడు. ఏలూరులో మా వీధి షాపులో అడిగితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేవాళ్లు. ఆ ప్రశ్న ఒక్కటి చాలు, ఊరు నచ్చేసింది. సందు తిరిగితే కుక్కలకూ పిల్లులకూ వేరే దవాఖానా. పొద్దున్నే స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లే అమ్మాయి కాళ్ల మధ్య కూర్చుని చెవులు ఎగరేసుకుంటూ పోతున్న కుక్క. ఎవరూ ఆగి చూడటం లేదు. అదే నాకు పండగలా అనిపించింది.

ఇల్లు దొరకడమే కష్టమైంది. చివరికి దొరికినది ఉప్పల్‌లో ఒక మొదటి అంతస్తు. కింద ఇంటామె ఒక్కతే ఉంటుంది. ఫార్మా కంపెనీలో మాత్రల ప్యాకింగ్ చేసి రిటైరైన మనిషి. "రెండు కుక్కలంటే ఇయ్యదు మేడం. ఒకటని చెప్పున్రి, వచ్చినంక సూసుకుందాం," అన్నాడు బ్రోకరు. ఎవరినైనా ముఖం మీదే కడిగేసే నేను ఆమెకు ఫోన్ చేసి, నోరు మెత్తగా పెట్టుకుని, "ఒక కుక్క, ఒక పిల్లి," అన్నాను.

మా గోధుమరంగు కుక్క గాలి వీచినా మొరుగుతుంది, దాన్ని దాచలేం. నల్లది మొరగదు, కాబట్టి దాచాల్సింది దాన్నే. తెలిసిపోతే ఇల్లు పోతుంది, సోమవారం నుంచి ఈయనకు డ్యూటీ. నల్లదాన్ని కొన్నాళ్లు తన చెల్లెలి దగ్గర ఉంచుదామని మా ఆయన ఒక్కసారి అన్నాడు. రెండోసారి అనలేదు.

సామాను లారీ ముందు పోయింది. వెనక కారులో మేం, రెండు కుక్కలు, బుట్టలో పిల్లి. సూర్యాపేట దాకా పిల్లి తిడుతూనే ఉంది. ఎల్బీనగర్ దాటి ఉప్పల్ మెట్రో స్తంభాలు కనబడగానే గోధుమరంగుది కిటికీలోంచి తల బయటపెట్టి మొరగడం మొదలుపెట్టింది. నేను దాన్ని ఆపలేదు. నాకూ మొరగాలనే ఉంది.

సందు మొదట్లో నల్లదాన్ని దుప్పటిలో చుట్టి చంకనేసుకున్నాను. ఇంటామె గేటు దగ్గరే నిలబడి ఉంది. లారీ అప్పటికే సగం ఖాళీ అయింది.

"ఒక కుక్కన్నవ్."

"ఒకటే అక్కయ్యగారూ, ఇదిగో," అని గోధుమరంగు దాన్ని చూపించాను.

"గారు గీరు ఒద్దు, అక్కా అను. ఆ సంకల ఏంది?"

"దుప్పట్లు."

"నీ దుప్పట్లకు తోకున్నది, సూస్కో."

చూసుకున్నాను. తోక బయట ఉండటమే కాదు, ఊగుతోంది కూడా.

"అబద్ధమెందుకు జెప్పినవ్?"

"నిజం చెబితే ఇచ్చేదానివా అక్కా?"

"ఇయ్యకపోతుండె."

"మరి?"

"మరేంది మరి? డబ్బాల ఒక్క మాత్ర తక్కువున్నా చేత్తోని పట్టుకుంటె తెలుస్తుండె నాకు. కుక్కను దాస్తవా నా దగ్గర?"

తప్పు నాదే. అయినా ఒళ్లు మండింది. "దీనికి కళ్లు లేవు. పదమూడేళ్లది. ఇది వద్దంటే చెప్పు, సామానంతా మళ్లీ లారీ ఎక్కిస్తాను," అన్నాను. కుర్చీలు మోస్తున్న మా ఆయన అక్కడే కుర్చీ దించి దాని మీద కూర్చున్నాడు.

అప్పుడే ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దుప్పటి తొలగించి, కుక్క ముఖం చూసింది. "దించు దాన్ని. నీళ్లు తాగనీ. ఎండల వడి వచ్చిన్రు," అంది. గేటు పక్క నీడలో మట్టి మూకుళ్లలో నీళ్లున్నాయి. కుక్కలు తాగాయి. ఉండనిస్తుందో లేదో మాత్రం చెప్పలేదు.

పైకి వెళ్లి సర్దడం మొదలుపెట్టాను. గుడ్డికుక్కకు ఇల్లంటే అడుగుల లెక్క. ఏలూరు ఇంట్లో వాకిలి నుంచి సోఫా, సోఫాకు ఎడమ పక్క నీళ్ల గిన్నె, అక్కణ్నుంచి నేరుగా వెళితే మంచం. ఇక్కడా అచ్చం అలాగే ఉండాలని కాగితం మీద గీసుకొచ్చాను. అలా పెడితే మంచం తలపలక ఉత్తరానికి వచ్చింది. వచ్చిందే కానీ నేను చూసుకోలేదు. ఇంటామె చాయ్ పట్టుకుని పైకొచ్చి చూసింది.

"ఉత్తరం దిక్కు తలకాయ వెట్టి ఎవలన్న పంటరా? నా ఇంట్ల గట్ల నడ్వది. జరుపున్రి."

"జరిపితే దీనికి దారి తెలియదు."

"దానికి దారి గావాలని మీరు సస్తరా?"

"దిక్కు మార్చి పడుకుంటే ఎవరూ చావరు అక్కా."

"నమ్మకుంటె నీ ఇష్టం. ఇల్లు నాది."

పది నిమిషాలు వాదించుకున్నాం. ఈలోగా నల్లది లేచింది. వాకిలి దగ్గర ఒక్క క్షణం ఆగి నడిచింది. సోఫాకు ముక్కు ఆనించి ఎడమకు తిరిగింది. గిన్నెలో నీళ్లు తాగి, నేరుగా వెళ్లి మంచం కిందికి దూరి పడుకుంది. ఎక్కడా తగల్లేదు. ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టేశాను. ఆమె చాయ్ గ్లాసు నా చేతికిచ్చింది.

"మంచం ఉండనీ," అంది. "దిండ్లు ఇటు ఎయ్యి. తలకాయలు దక్షిణం, కాళ్లు ఉత్తరం. రేపు పొద్దుగాల పాలు పొంగియ్యి. గిన్నె నేనిస్త."

ఇల్లు దక్కింది అలాగ, భైరవుడి వల్ల కాదు. ఇప్పటికీ మేం తలపలకకు కాళ్లు పెట్టుకునే పడుకుంటాం. మా ఆయన దిండు జారి కింద పడుతూనే ఉంటుంది. కుక్క మొదటి గంటలోనే అలవాటు పడింది, ఆయనకు ఇంకా పట్టుబడలేదు. పిల్లిది పగలంతా కింద ఆమె ఫ్రిజ్ మీదే కాపురం.

ఒక్క సంగతి తేలలేదు. ఆ సాయంత్రం మూకుళ్లు కడుగుదామని కిందికి దిగి లెక్కపెట్టాను. చిన్నది ఒకటి, పిల్లికి. పెద్దవి రెండు. నేను ఫోన్లో చెప్పింది ఒక్క కుక్కనే. మేం రాకముందే నీళ్లు పోసి ఉన్నాయి. బ్రోకరు తను చెప్పలేదని పిల్లల మీద ఒట్టేశాడు. మా ఆయన, "ఆవిడ నంబరే నా దగ్గర లేదు," అన్నాడు, గోడను చూస్తూ. ఆమెను అడిగితే, "నీళ్లున్నయ్, తాగినయ్. ఇంకేం గావాలె నీకు?" అంటుంది.

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ రెండో పెద్ద మూకుడు పెట్టమని ఆమెకు చెప్పిందెవరు?