దర్వాజ దిక్కు వద్దు

గౌలిపురలో గల్లీ మూలన మాది పాలవాళ్ల ఇల్లు. మా బాపు పాలు పోసే తీరు ఒకటుంది. ఆడవాళ్లు పరాయి మగవాళ్లకు కనబడకుండా పర్దా కట్టిన ఇంటి ముందు "దూద్!" అని కేకేసి, వెంటనే గల్లీ వైపు తిరిగి నిలబడతాడు. వెనక గడప మీద గిన్నె పెట్టిన చప్పుడైతేనే ఇటు తిరిగి పాలు పోస్తాడు. మళ్లీ వీపు తిప్పుతాడు. గిన్నె లోపలికి వెళ్లాకే కదులుతాడు. చిన్నప్పుడు నేను వెంట వెళ్తే నా తల కూడా పట్టుకుని తిప్పేవాడు.

ఆమధ్య మా గల్లీలో వరసగా బండ్లు పోయాయి. దొంగలను పట్టాలని అందరూ కలిసి మా గోడకు కెమెరా బిగించారు. అందులో పడేదంతా ఇంటింటి ఫోన్లకూ వస్తుంది. మంచి పనే అనుకున్నాం.

రెండు రోజులకే, మేం అక్కలా ఆపా అని పిలిచే ఎదురింటావిడ గిన్నె పెట్టడం మానేసింది. బాపు కేకేసి కేకేసి వెనక్కొచ్చాడు. చివరికి పర్దా వెనక నుంచే మెల్లగా అందట, "చాచా, మేరా హాత్ భీ సబ్ కే ఫోన్ మే దిఖ్రా" అని. తన చెయ్యి కూడా అందరి ఫోన్లలో కనబడుతోందట.

బాపు ఇంటికొచ్చి నా ఫోన్ అడిగాడు. నిజమే. మొన్న పొద్దున రికార్డయిన దాంట్లో పర్దా కింద నుంచి వచ్చిన ఆమె చెయ్యి గాజులతో సహా కనబడుతోంది. ఆయన ముఖం కందిపోయింది. ఆ సాయంత్రమే గల్లీ వాళ్లను పిలిచాడు.

"గింత దానికి లొల్లి ఏంది అన్నా? రేపు బండి పోతే జిమ్మేదార్ ఎవరు?" అన్నారు.

"నేనే. బండ్ల దిక్కు పెట్టుకోండ్రి, ఎవలొద్దన్నరు? ఆ దర్వాజ దిక్కు వద్దు. ఇన్నేండ్ల సంది ఆ ఇంటికి పాలు పోస్తున్న, ఒక్కసారి గుడ లోపటికి చూడలే. ఇప్పుడు నా గోడ చూస్తదా?"

అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. ఒప్పుకున్నారని కాదు, ఆయన మొండితనం తెలుసు గనక. నన్ను నిచ్చెన పట్టుకుని ఫోను చూస్తుండమని తానే ఎక్కాడు.

"కనబడుతుందా బిడ్డా?"

"ఇంకా సగం తలుపు కనబడుతుంది బాపు."

"దీనికి తిప్పుకోను వీపు లేదు, మనమే తిప్పాలె" అని గొణుక్కుంటూ, ఫోనులో వరసగా ఆపిన బండ్లు తప్ప ఇంకేమీ మిగలనంతవరకు తిప్పాడు.

మా ఆఫీసులో గోప్యత మీద గంటలకొద్దీ మీటింగులు జరుగుతాయి. ఎవరు ఎంతవరకు చూడొచ్చు, ఎవరి అనుమతి కావాలి అని వాదించుకుంటాం. అక్కడ కూర్చున్నప్పుడల్లా నాకు బాపు వీపే గుర్తొస్తుంది. చూడగలిగి కూడా చూడకుండా ఉండటం నేను నేర్చుకున్నది ఆయన వెంట తిరిగే. అందుకు నాకు మస్తు గర్వం, దాచుకోను.

మరునాడు పొద్దున మా అరుగు మీద నిలబడి చూశాను. బాపు కేకేసి మా వైపు తిరిగాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత గడప మీద గిన్నె మోగింది. బాపు ముఖం నిండా నవ్వు విచ్చుకుంది. వెనక ఉన్న ఆపాకు అది కనబడదు. కెమెరా కూడా అటు లేదు. చూసింది నేనొక్కదాన్నే.