తీరిన అప్పు, తీరని తనఖా

నేను గట్టు దిగేసరికి నది దాటించే నరసాపురం పంటు ఎప్పుడూ ఒడ్డు వదిలేసి ఉంటుంది. నామీద దానికేం కోపమో తెలియదు.

ఆ రోజు అవతలి ఒడ్డున ఉన్న సహకార సొసైటీకి అది నా నాలుగో ప్రయాణం. చనిపోయిన నాన్న పేరున ఉన్న అరెకరం కొబ్బరితోట అమ్మితే తప్ప భీమవరంలో ఫ్లాటు కొనలేను. తోట కొనేవారు ఈసీ తీయిస్తే, అప్పు కోసం నాన్న సొసైటీకి పెట్టిన పాత తనఖా ఇంకా అలాగే కనిపించింది. సోమవారంలోగా అది తీయించకపోతే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయమన్నారు.

ఆ అప్పు తీరిన రోజు నాకు గుర్తుంది. నాన్న వీధంతా పూతరేకులు పంచారు. పంచాక రిజిస్ట్రారు ఆఫీసుకు కూడా వెళ్ళాలని ఆయనకెవరూ చెప్పలేదేమో అనుకున్నాను.

సొసైటీలో ముసలి గుమస్తాగారు ఫైలు దులిపారు. అందులో తనఖా విడుదల పత్రం అప్పటి సంతకాలతో సహా ఉంది. దాని రిజిస్ట్రేషను గడువు దాటిపోయింది కాబట్టి కొత్తది రాయించి, శనివారం రిజిస్టరు చేయిస్తామన్నారు.

“మరి అప్పుడే ఎందుకు చేయించలేదండి?” అన్నాను, కాస్త నిష్ఠూరంగానే.

“మీ నాన్నగారే వద్దన్నారండి. తనఖా లేదని తెలిస్తే మావాడు మర్నాడే అమ్మేస్తాడు, ఉండనివ్వండి అన్నారు.”