వందో పిట్ట

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రం ఉంది, వ్రతం పట్టిన వీరుడున్నాడు, ఆకాశం నుంచి దిగొచ్చే గద్ద ఉంది, చివర్లో ఒక ఘోరమైన అబద్ధం కూడా ఉంది. ఇలా మొదలుపెడితే వదలకుండా చదువుతారని రాశాను గానీ, నిజానికి ఇది భీమిలి దాటాక ఒక అద్దె మేడ మీద మా బావ రెండ్రోజులు పిట్టల్ని చూసిన సంగతి. అంతే. ఈ ఉదయం అక్కకి ఫోన్ చేసి బావేడని అడిగితే, "ఆదివారం కదరా, వందోదాని కోసం ఎల్లేరు" అంది. దాంతో నాలుగేళ్ళ కిందటి ఆ మేడ గుర్తొచ్చింది.

మా బావది ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. అక్కడ షిఫ్టులో ఏం జరిగినా లాగ్‌బుక్కులో రాసి, దిగేవాడూ ఎక్కేవాడూ సంతకాలు పెట్టాలట. పుస్తకంలో లేనిది జరగనట్టే లెక్క. ఈ నియమాన్ని ఆయన గాజువాకలో ఇంటికి కూడా పట్టుకొచ్చాడు. గ్యాసు బండ మార్చినా, పాలు పొంగిపోయినా రాసేస్తాడు. పిట్టల పిచ్చి పట్టాక వాటికో పుస్తకం వెలిసింది. సొంత మేనకోడలి పెళ్ళిలో తలంబ్రాల వేళకి పెద్దమనిషి కనబడకపోతే వెతికాం. కల్యాణమండపం వెనక గుంటలో మోకాళ్ళ దాకా దిగి, బైనాక్యులర్స్‌తో దొరికాడు. ఆ రాత్రే అక్క తీర్పు చెప్పింది: వంద రకాలు పూర్తవగానే బైనాక్యులర్స్ అటకెక్కాలి, ఆదివారాలు తనవి. బావ అది కూడా పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. అప్పటికి డెబ్బై అయ్యాయి. వంద ఎక్కడో ఉందిలే అనుకున్నాడు.

తొంభై తొమ్మిదికి చేరాక ఆయన నడక ఎందుకో నెమ్మదించింది. అక్కకి ఓపిక పోయింది. ఆ తీరంలో తెల్లపొట్ట సముద్రపు గద్ద తిరుగుతుందని తనే ఎవరినో అడిగి తెలుసుకుని, తనే గది బుక్ చేసి, మొగుణ్ణీ నన్నూ లాక్కెళ్ళింది. ప్రకటనలో 'సముద్రపు గాలి' అని ఉంది. అబద్ధమేం కాదు. ఆ గాలి ఎండుచేపల మీదుగా వస్తుందని రాయలేదంతే. కింద వాటాలో ఉండే ఇంటామె మేడ మీద సగం మేర చేపలు ఎండేసి, పిట్టల్ని తోలడానికి ఒక సత్తు పళ్ళెం, గరిటె పెట్టుకుని కూర్చునేది. మిగతా సగంలో పిట్టల కోసం మా బావ. "ఏటి బాబూ, నువ్వు పిలవడం, నాను తోలడం. ఇద్దరం ఒకే మేడమీద ఎలాగ?" అని ఆవిడ నవ్వింది. బావ నవ్వలేదు. గద్ద కాపలాకి పొద్దున్నే 'ఏ' షిఫ్టు నాకు, సాయంత్రం 'బీ' షిఫ్టు అక్కకి, మధ్యలో 'జనరల్' తనకి వేసుకుని కాగితం గోడకి అంటించాడు. సాయంత్రం అక్క ఆ కాగితం కింద కొత్త వాక్యం చూసింది: 'టీ ఆరు నిమిషాలు ఆలస్యం.' దాన్ని రెండుసార్లు చదువుకుంది.

మర్నాడు పొద్దున్న నా షిఫ్టు దిగి బావకి అప్పజెబుతుండగా వచ్చింది. బూడిదరంగు రెక్కలు, ఉతికి నీలిమందు పెట్టినట్టు తెల్లటి పొట్ట. తాపీగా దిగి ఒక చేపనెత్తుకుని, మా తలల మీదుగానే పోయింది. పిట్టల గైడులో బొమ్మకి కూడా అంత పోలిక ఉండదు. బావ పెన్ను తీశాడు. తీసి, మూత పెట్టేశాడు. ఈలోగా పళ్ళెం మోగిస్తూ ఇంటామె, వెనకే టీ గ్లాసులతో అక్క మెట్లెక్కారు.

"ఏటండీ, ఏ పిట్ట?"

"మామూలు గద్దే," అన్నాడు బావ, సముద్రానికి చెబుతున్నట్టు.

అక్క ఇంటామె వైపు తిరిగింది. "మామ్మా, దాని పొట్ట ఏ రంగు?"

బావ బైనాక్యులర్స్ అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు.

"నా సేప ఎత్తుకెల్లిపోతంటే దాని పొట్ట రంగెవులు సూత్తారమ్మా!" అని ఆవిడ పళ్ళాన్ని ఇంకో దెబ్బ కొట్టింది.

బావ పుస్తకం తెరిచి 'విశేషాలు: లేవు' అని రాసి, సంతకం పెట్టి, పెన్ను నాకందించాడు. "సంతకం పెట్టు బావా," అన్నాడు. మామూలుగా నన్ను ఒరే అనే మనిషి. పెట్టాను. సత్యహరిశ్చంద్రుడి వంశమేం కాదు మాది.

ఇన్నాళ్ళూ ఆ రహస్యం మోసినందుకు నా మీద నాకే కొంచెం గౌరవం ఉండేది. ఈ ఉదయం ఫోన్లో అక్క అదీ తీసేసింది. "అబద్ధమాడితే మీ బావ సెవులు ఎర్రబడిపోతాయిరా. ఆ రోజు మెట్ల మీంచే కనబడ్డాయి," అంది.

"మరి ఊరుకున్నావే?"

"వందా అయిపోతే ఆదివారం కూడా ఇంట్లోనే ఉంటారు కదరా. పెతి టీకీ టైము రాసుకుంటూ!"

కాలం ఎవరి కోసమూ ఆగదంటారు. మా ఇంట్లో అది తొంభై తొమ్మిది దగ్గర నాలుగేళ్ళుగా ఆగే ఉంది, రెండు సంతకాల మీద, ఒక ఇల్లాలి మౌనం మీద. ఆ మేడ ఇప్పటికీ అద్దెకిస్తున్నారు. ఉదయం పదిన్నరకల్లా ఖాళీ చెయ్యాలి, దుప్పట్లు మనమే తెచ్చుకోవాలి.