ఒంటెద్దు సిద్ధాంతం

మనిషి ఎవరికీ లోబడకూడదు, తన బతుకుకు తానే యజమాని అనే తత్వం దేశదేశాలకు ఎలా పాకిందో పెద్ద పెద్ద పుస్తకాల్లో రాసి ఉంటుంది. అది ఇబ్రహీంపట్నం దాకా ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ రాయలేదు. రాయాల్సినవాణ్ణి నేనే. ఇక్కడ దాన్ని తెచ్చి నాటినవాణ్ణీ నేనే, మొలిచాక దాని కింద నలిగినవాణ్ణీ నేనే. నా మాటల్లో సగం కోసేసి వినాలని మావాళ్లు అంటుంటారు. ఈ ఒక్కదాంట్లో పావు వంతు కోస్తే చాలు.

జర్మనీలో ఎవరో ఒకాయన తలుపు మూసుకొని కూర్చొని దాన్ని కనిపెట్టాడట. తలుపు సందులోంచి అది ఫ్రాన్సుకు పోయింది. అక్కడ ఓడెక్కి అమెరికా చేరి, బాగా బలిసి, ఇంకో ఓడలో బొంబాయిలో దిగింది. మా అక్క మొగుడు బొంబాయి బట్టల మిల్లులో పనిచేసేవాడు. మిల్లు గేటు ముందు ఎవరో పంచిన ఉర్దూ కరపత్రాన్ని మా బావ ట్రంకుపెట్టె అడుగున పరుచుకొని ఊరికి తెచ్చాడు. బట్టలకు తుప్పు అంటకుండా పరిచాడే గానీ ఆయన దాన్ని చదవలేదు. చదివింది నేను. నిజాం కాలపు బడిలో దెబ్బలు తిని నేర్చిన ఉర్దూ నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. దాన్ని పనికిరావడం అనవచ్చో లేదో మీరే చెప్పాలి.

నాకప్పుడు ఇరవై ఏళ్లుంటాయి. ఊళ్లో ప్రతివాడికీ ఏదో ఒక పక్షం ఉండి తీరాల్సిన రోజులవి. పగలు రజాకార్లు వచ్చి నువ్వెవరి మనిషివని అడిగేవారు. పొద్దు గూకితే దొరల మీద కొట్లాడే సంఘంవాళ్లు వచ్చి అదే అడిగేవారు. "నేను నా మనిషిని" అని రజాకార్లకు జవాబిచ్చానని చాలాకాలం చెప్పుకు తిరిగాను. జవాబిచ్చిన మాట నిజమే. కాకపోతే జొన్నలు పోసుకునే గుమ్మిలో ముడుచుకు కూర్చొని, వాళ్లు వీధి మలుపు తిరిగాక ఇచ్చాను.

తత్వమన్నాక నలుగురికీ అందాలి కదా. ఈతవనంలో కల్లు తాగేవాళ్ల నడుమ నిలబడి బోధ మొదలుపెట్టాను. అందరూ నవ్వారు. ఒక్క మామ మాత్రం ముంత పక్కన పెట్టి విన్నాడు.

వరసకు మామ. ఆయన చెలక, అంటే వాన మీద పండే మెట్ట చేను, మా చెలక పక్కపక్కనే, నడుమ ఒక గట్టు. ఆయనకొక ఎద్దు, మాకొక ఎద్దు, రెండిళ్లకూ కలిపి ఒకటే కాడి. మిరుగం కార్తెలో తొలివాన పడగానే ఆ రెండింటినీ జోడు కట్టి ముందు మా చెలక, తర్వాత ఆయన చెలక దున్ని జొన్న విత్తేవాళ్లం. మా నాయన పోయినా ఆ పొత్తు పోలేదు.

"అంటే ఎవని మాట ఎవడు ఇనొద్దంటవ్," అన్నాడు మామ.

"అవ్ మామ."

"ఎవడు ఎవనికి లోబడొద్దు."

"గదే మామ. గంతే సిద్ధాంతం."

"మరి నా ఎద్దు ఏటేటా ముందుగాల నీ చెలకనే ఎందుకు దున్నాలె?"

కరపత్రంలో ఈ ప్రశ్న లేదు. మామ లేచాడు. "నువ్వు జెప్పింది మస్తుగున్నది అల్లుడా," అని తిన్నగా రెండెడ్లనూ కట్టేసే మా కొట్టానికి పోయి తన ఎద్దును విప్పుకొని ఇంటికి తోలుకుపోయాడు. జర్మనీ నుంచి ఇక్కడి దాకా ఆ తత్వం అంత తొందరగా అమలైన చోటు ఇంకోటి ఉండదు. నాకు దొరికిన ఒకే ఒక్క శిష్యుడు మా కాడిలో సగం.

సంగతి విన్న మా అవ్వ, అంటే మా కన్నతల్లి, చేట కింద పెట్టి ఒకటే అడిగింది.

"జర్మనోడు ఎద్దును గూడ పంపిండా, ఉట్టి ముచ్చటనే పంపిండా?"

వారం తిరక్కుండానే వాన పడింది. మాది ఎర్ర చెలక, పదును ఎక్కువసేపు నిలవదు. ఆ తడి ఆరకముందే విత్తనం పడకపోతే ఆ ఏడు తిండి లేనట్టే. గుమ్మిలో నేను దాక్కునేంత చోటు అప్పటికే ఉందంటే మా సంగతి మీకు తెలిసే ఉంటుంది.

"పొయ్యి మామను బతిమాలుకో," అన్నది అవ్వ.

"బతిమాలుడు సిద్ధాంతంల లేదే అవ్వా."

"బువ్వ తినుడు ఉన్నదా మరి?"

మర్నాడు పొద్దున్నే కాడికి దాపట, అంటే ఎడమవైపు, మా ఎద్దును కట్టి, కుడివైపు నన్ను నేనే కట్టుకున్నాను. నాగలి మేడి, ఇంకా బొంబాయికి తిరిగిపోని బావ పట్టాడు. వెనక సాలులో విత్తనం వేస్తూ అవ్వ. బావకు మగ్గాలు తెలుసు గానీ పశువులు తెలియవు. ములుగర్రతో ఇద్దరినీ సమానంగా పొడిచాడు.

"బావా, గది ఎద్దు గాదు. నేను."

"ఎనుకకెల్లి తెలుస్తలేదు బామ్మర్ది."

రెండు సాళ్లు దున్నాం. ఇన్నాళ్లూ ఆరు అని చెప్పేవాణ్ణి. అంతలో గొంగడి కప్పుకొని బాట వెంట పోతున్న మనిషి ఒకడు ఆగాడు. సంఘం మనిషేనని ఆ చూపే చెప్పింది. దగ్గరకొచ్చి, పళ్లు కొరుకుతూ అడిగాడు.

"ఏ దొర కట్టిండు తమ్మీ నిన్ను కాడికి? పేరు జెప్పు, ఫికర్ జెయ్యకు."

"దొర గాదన్నా. నేనే కట్టుకున్న."

"ఎందుకు?"

"సిద్ధాంతం."

ఆయన నన్నూ, ఎద్దునూ, బావనూ మార్చి మార్చి చూశాడు. "దున్నేటోనిదే భూమి అని మేం కొట్లాడుతున్నం," అన్నాడు. "దున్నేటోడు మేడి కాడ ఉంటడనుకున్నం గని, ఎద్దు జాగల ఉంటడని మాకు ఎవలు జెప్పలే." గొంగడి సర్దుకొని వెళ్లిపోయాడు.

మామ నడిమి గట్టు మీద చుట్ట కాల్చుకుంటూ ఇదంతా చూస్తున్నాడు. ఆయన చెలక కూడా దున్నకుండానే ఉంది. పక్కనే ఆయన ఎద్దు మేస్తోంది. మా ఎద్దు దాన్ని చూసింది. ఎన్నో ఏళ్లుగా తన కుడిపక్కన ఉండాల్సింది అక్కడుంటే, ఇక్కడ ఎవడో రెండు కాళ్లవాడు రొప్పుతుండడం దానికి నచ్చలేదేమో. ఒక్కసారిగా మళ్లింది. మేడి బావ చేతిలోంచి జారింది. నాగలితో, కాడితో, నాతో సహా అది చెలకకు అడ్డంగా పరుగు తీసి, గట్టు దగ్గర తన జోడు మెడ నాకుతూ నిలబడింది. నేను సగం మామ చెలకలో, సగం మా చెలకలో పడి ఉన్నాను.

"ఏందల్లుడా, నా గట్టు మీదికొచ్చినవ్?"

"నేను రాలే మామ. ఎద్దొచ్చింది."

"మరి నువ్వు?"

"దాని ఎంబడి."

"అంటే దానికి లోబడ్డవన్నట్టు."

అవ్వ ఒడిలో విత్తనాలతో వచ్చింది. నన్ను దాటుకొని పోయి మామ ముందు నిలబడింది.

"తమ్ముడా, ఏటేటా ముందుగాల మాదే దున్నిస్తిమి. మా పని అయ్యేసరికి నీ దాంట్ల పదును పోయేది గదా. ఒక్కనాడన్న అనకపోతివి."

మామ చుట్ట ఆర్పాడు. "అక్కవు. నీకు ఎదురెట్ల జెప్పాలె."

"మరి గిప్పుడెట్ల జెప్పినవ్?"

"గీ పిలగాడు జెప్పింది ఇంటే జర ధైర్నమొచ్చింది."

కింద పడి ఉన్నా, మట్టి తింటున్నా, ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది. మహామహులకే దక్కని ఫలితం.

"అయితె ఈ యేడు ముందుగాల నీది," అన్నది అవ్వ.

ఉబ్బిన ఛాతీ అక్కడే దిగిపోయింది. "మరి మన పదునే?" అన్నాను కాడిలోంచి. ఎవరూ వినలేదు. నన్ను విప్పి, మామ ఎద్దును కట్టారు.

ఆయనది అయ్యేసరికి మాది సగం ఆరింది. అయినా విత్తాం. పోలీస్ యాక్షన్ నాటికి మామ చేను కంకులు వేసి గోడలా నిలబడింది. మా చేను పక్కనే ఉంది గానీ, ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ మాటా పలుకూ లేనట్టు దూరదూరంగా ఉంది. పండినదాంట్లో సగం మా ఇంటికే పంపుతానని మామ అవ్వకు మాటిచ్చాడు. దానికి బదులు పిట్టలు కొట్టే పని నాకు పడింది.

నిజాం మీదికి వచ్చిన మిలిటరీ లారీలు బాట మీద పోతుంటే మామా, నేనూ ఆయన మంచె మీద ఒకరి పక్కన ఒకరం కూర్చుని, చేతిలో వడిసెలలు చూసి వాళ్లేమనుకుంటారోనని వాటిని తొడల కింద దాచుకున్నాం. లారీలు పోయాయి.

"పిట్టలన్నీ నా దాని మీదనే వడ్తున్నయ్ అల్లుడా," అన్నాడు మామ. "నీ దాంట్ల గూడ ఒక రాయి ఎయ్యరాదా. మనసుకన్న సంబురమైతది."

వేశాను. ఒక్క పిట్ట కూడా లేవలేదు.