తనంతట తానే పడే గడియ

ఆత్మ సంఘం వాళ్ళు చావు ఇంట్లో ఏడుస్తూ కూర్చోరు, పరుగెత్తుతారు. తెల్ల అంగీల మీద ఎర్ర సిలువలు కుట్టుకుని, డోళ్ళు మెడకు తగిలించుకుని, పోయినవాళ్ళ ఆత్మను పరలోకం గేటు దాకా దిగబెట్టి వస్తారు. ఆ పరుగులో అందరికంటే ముందు జెండా పట్టుకుని ఉండేది అపోండి. మనవరాళ్ళు పెళ్ళీడుకొచ్చారు, వానాకాలంలో మోకాళ్ళు మొరాయిస్తాయి, అయినా డోలు మీద మొదటి దెబ్బ పడిందంటే ఆవిడ కాళ్ళు నేల మీద నిలవవు. పెద్ద సరస్సు ఒడ్డునున్న ఆ ఉయోమా తీరంలో గట్టి కుర్రాళ్ళు కూడా ఆవిడ వెనకాల రొప్పుకుంటూ రావాల్సిందే.

ప్రభువు రాకడ అంటే కొందరికి వణుకు. అలాంటివాళ్ళను చూస్తే అపోండికి ఒళ్ళు మండుతుంది. “పెళ్ళివారొస్తున్నారంటే మూల కూచుని ఏడుస్తారా ఎవరన్నా? లేచి మొహం కడుక్కోండి!” అని కసురుతుంది. ఆవిడ అంగీ ఎప్పుడూ ఉతికి తలుపు పక్కన మేకుకు సిద్ధంగా వేలాడుతూ ఉంటుంది. సరస్సు మీద తూర్పు మబ్బు కాస్త ఎర్రబడితే చాలు, పొయ్యి మీద సంకటి పొయ్యి మీదే వదిలేసి వాకిట్లోకి ఉరుకుతుంది. చివరికి వచ్చేది వానే. “సరేలే, రేపు,” అనుకుని నవ్వుకుంటూ వెళ్ళి అడుగంటిన సంకటి గీక్కుంటుంది.

ఇంత సంబరంలోనూ ఆవిడ గుండెలో ఒక ముల్లు ఉంది. దాని పేరు ఒబుయా. ఆవిడ మొగుడు, సంఘంలో చేరనివాడు.

అక్కడ మొగుడూ పెళ్ళాల సమాధులు సొంత వాకిట్లోనే ఉంటాయి, గుమ్మానికి కుడివైపు అతనిది, ఎడమవైపు ఆవిడది. అపోండి కళ్ళు మూసుకుంటే కనబడేది ఇదే: ప్రభువు వచ్చే రోజు కడబూర మోగుతుంది, తను మట్టి దులుపుకుని లేస్తుంది, కుడిపక్క మట్టి మాత్రం కదలదు. జీవితమంతా ఒకే కంచంలో చేప ముళ్ళు ఏరుకుని తిన్న మనిషిని అలా వదిలేసి ఎలా పరుగెత్తడం? ఆ ఆలోచన వస్తే పరలోకం కూడా ఆవిడకు చేదయ్యేది.

“బూర మోగితే నేను లేస్తా. మరి నీ సంగతేంటి, అకేలో నాన్నా?” అని అడిగేది.

“రోజూ నువ్వు చెవి దగ్గర గిన్నె బాదితేనే లేవట్లేదు, బూరకి లేస్తానా?” అనేవాడు ఒబుయా.

“ఎగతాళికీ ఒక హద్దుంటుంది.”

“ఇలా చూడవే, అలెగో పిల్లా.” పుట్టింటి ఊరి పేరుతో తప్ప ఆవిణ్ణి అతను పిలిచింది లేదు. “ఈ సరస్సు మీద తిరిగే పడవల్లో సగం ఈ చేతులు కట్టినవే. ఒక్క పడవలో చుక్క నీరు దిగిందా? నీ దేవుడడిగితే ఇవే చాపి చూపిస్తా. మీ పాద్రి ఏం చూపిస్తాడు? డోలా?”

తాగుబోతు కాదు, తిరుగుబోతు కాదు. ఒకరి సొమ్ముకు ఆశపడడు. అదే వచ్చిన చిక్కు. తప్పు చేసినవాడికైతే క్షమాపణ అడగమని చెప్పొచ్చు, తన చేతులను చూసుకుని మురిసిపోయేవాడికి ఏం చెప్తాం? ముసలి యూనియా ఇంటి జెముడు కంచెకు గేటు కావాలంటే పాత పడవ చెక్కలతో ఊరికే చేసి పెట్టాడు. గేటు మూసుకోగానే లోపలివైపు గడియ తనంతట తానే పడుతుంది. దారిన పోయే ప్రతివాడినీ లోపలికి పిలిచి మరీ చూపించాడు. “మేక తియ్యలేదు, దొంగ తియ్యలేడు. లోపలున్నవాళ్ళు తియ్యాల్సిందే!” అని ఛాతీ విరుచుకునేవాడు.

ఆ యూనియా పండు వయసులో, ముసురు పట్టిన రోజుల్లో కన్నుమూసింది. సంఘంలో అందరికీ తల్లిలాంటిది. జనం తీరం పొడుగునా తరలివచ్చారు.

గొయ్యి పూడ్చాక పరుగు మొదలవ్వాలి. గేటులోంచి బయటికి వెళ్ళి, సరస్సు ఒడ్డు దాకా పోయి, తిరిగి అదే గేటు దగ్గరికి రావాలి. ఆ గేటే పరలోకం గేటు. లోపల ఒకరు కావలి నిలబడి మూడు ప్రశ్నలు అడగాలి, పోయినవాళ్ళ తరఫున జెండా పట్టుకున్నవాళ్ళు సరిగా జవాబిస్తే తెరవాలి. ఎప్పుడూ కావలి ఉండే నెహెమ్యా తాత ఎక్కిన మోటారు సైకిలు దారిలో బురదలో దిగబడిందని కబురొచ్చింది. పరుగు మానుకుని నిలబడతామని సంఘంలో ఒక్కరూ అనరు. పాద్రి జకాయో చుట్టూ చూశాడు. గేటు పక్కనే పీట వేసుకుని, సంకటి ముద్ద ఎండుచేపల పులుసులో అద్దుకుంటూ ఒబుయా కనబడ్డాడు.

“ఆ గేటు నీదేగా. నువ్వే నిలబడు.”

“పరలోకానికి నన్ను కాపలా పెడతావా, పాద్రీ? ఎండ తగిలిందేమో అంటే ఎండ కూడా లేదే!”

అందరూ విరగబడి నవ్వారు. అపోండికి తల కొట్టేసినట్టయింది.

“అడగాల్సినవి మూడు మాటలే...” అని పాద్రి చెప్పబోయాడు.

“నాకు నేర్పకు. ఎన్ని చావులకొచ్చి ఎంత సంకటి తిన్నాననుకున్నావ్? నిద్రలో అడిగినా చెప్తా.”

డోలు మోగింది. ఇంక ఆపేదెవరు! అపోండి జెండా ఎత్తింది. వెనకాల తెల్ల అంగీల గుంపు, పాట, అడుగులకింద చిందే బురద. ఒడ్డున వలలు ఆరబెట్టుకునేవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మోకాలు నొప్పి ఏమైపోయిందో అపోండికి తెలియలేదు. ‘వస్తున్నాం, యూనియమ్మా, పక్కనే ఉన్నాం!’ అని అరుస్తూ, గాలి వీపున తోస్తుంటే వచ్చి, జెండా కర్రతో గేటు మీద ధడేల్మని కొట్టింది.

“తెరవండి!”

“ఎవరది?” లోపల్నుంచి ఒబుయా గొంతు. నాటకంలో రాజులాగ పెట్టాడు.

“యూనియా! ఒలువోచ్ కూతురు!”

“చేతుల్లో ఏముంది?”

“ఏమీ లేదు! ఖాళీ చేతులు!”

“ఎవరి పేరు మీద వచ్చావు?”

“యేసు పేరు మీద!”

“అయితే రా తల్లీ, నీ పులుసు తినని ఇల్లు లేదీ ఊళ్ళో!” అంటూ గడియ తీశాడు. గేటు బయటికి తెరుచుకునేది, బరువైనది. భుజంతో నెడుతూ దానితోపాటు తనూ బయటికొచ్చి, గాలికి మూసుకోకుండా వీపు ఆనించి నిలబడ్డాడు. గుంపంతా వరదలా లోపలికి దూసుకుపోయింది. “మెల్లగా, అలెగో పిల్లా! పరలోకంలో పడి మోకాలు విరగ్గొట్టుకుంటావ్!” అన్నాడు అపోండి తన ముందునుంచి పోతుంటే. చివరి డోలు కూడా దాటాక అతను ఒక అడుగు పక్కకు వేశాడో లేదో, సరస్సు గాలి గేటును విసిరికొట్టింది. గడియ తనంతట తానే పడింది.

లోపల గంతులూ కేకలూ. కాసేపటికి గేటు దబదబ మోగింది.

“ఏయ్! నేనూ! తియ్యండి!”

“నీ గడియే కదా, బ్రహ్మాండంగా పనిచేస్తోంది!” అని ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. ఒకడు గడియ మీద చెయ్యి వెయ్యబోయాడు.

అపోండి జెండా కర్ర అడ్డం పెట్టింది. “ఆగండి.”

“వానొచ్చేలా ఉంది, తియ్యమ్మా,” అన్నాడు పాద్రి.

ఆవిడ వినలేదు. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుంటే కనబడింది ఇప్పుడు కళ్ళు తెరిచే చూస్తోంది. తను లోపల. అతను బయట. మధ్యలో చెక్క.

“ఎవరది?” అంది.

“ఎవరేంటే, నీ మొగుణ్ణి! తియ్యి!”

“ఎవరది?”

ఈసారి ఆ గొంతు విని లోపల నవ్వులు ఆగిపోయాయి. బయట గేటు బాదడం కూడా ఆగిపోయింది.

“ఒబుయా,” అన్నాడతను. “న్యాంబోక్ కొడుకు.”

“చేతుల్లో ఏముంది?”

చినుకులు మొదలయ్యాయి. అతని మొహం చూద్దామంటే వేలు దూరేంత సందు లేదు, ఒబుయా చేతి పని మరి. ఇప్పుడతను పడవలూ ఉలీ అని పరాచికమాడితే అపోండి గడియ తీసేస్తుంది, అందరూ నవ్వుకుని అన్నాలకు లేస్తారు. ఈ ప్రశ్న మళ్ళీ అడిగే ధైర్యం తనకు ఈ జన్మలో రాదు.

“ఏమీ లేదే,” అన్నాడు ఒబుయా. చాలా మెల్లగా. “నే చేసిన గేటే నా చేతికి తెరుచుకోవట్లేదు. ఇంకేముంది నా దగ్గర? ఖాళీ చేతులే.”

అపోండి చెక్కకు ఇంకా దగ్గరగా జరిగింది. “ఎవరి పేరు మీద వచ్చావు?” అంది.

“నీ పేరు మీద దూరిపోదామనుకున్నా ఇన్నాళ్ళూ. నీ అంగీ చెంగు పట్టుకుని. అది కుదరదుగా.” గొంతు సవరించుకున్నాడు. “యేసు పేరు మీద. నిజంగానే అంటున్నా. తియ్యవా, అపోండీ.”

పెళ్ళైన ఇన్నేళ్ళకు పేరు పెట్టి పిలిచాడు. అపోండి ఒంటి చేత్తో ఎత్తితే గడియ పైకి లేవలేదు. ఎన్నడూ నేల తాకనివ్వని జెండా బురదలో పడేసి, రెండు చేతులతో లాగింది. తడిసి ముద్దయి నిలబడ్డాడు ఒబుయా, రెండు అరచేతులూ చాపి. డోళ్ళు పగిలిపోయేలా మోగాయి. ఆవిడ ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని వాకిలి చుట్టూ పరుగు లంకించుకుంది. “ఓసి నీ పరుగు పాడుగాను, చచ్చిపోతానే!” అని అతను అరుస్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం వదలలేదు.

ఆదివారం బాప్తిస్మం అన్నాడు పాద్రి.

“ఆ సరస్సులో నే పడ్డన్నిసార్లు నువ్వు స్నానం చేసుండవు,” అన్నాడు ఒబుయా.

“పడ్డం వేరు, పాత మనిషిని చంపుకోడానికి దిగడం వేరు.”

ఒబుయా సరేనని తలూపాడు.

సాయంత్రం వాన తెరిపిచ్చాక ఇంటికొచ్చారు. ఒబుయా గుమ్మం ముందు ఆగి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. చెక్క కొలిచేవాడిలా రెండు చేతులూ బారచాపాడు.

“మరీ దూరం పెట్టారే. నువ్వు అటు, నేను ఇటు.”

“పద్ధతి అంతే కదా.”

“బూర మోగగానే నీ అలవాటు కొద్దీ పరుగు తీసేవు. ముందు ఇటొచ్చి నన్ను లేపు. నా నిద్ర సంగతి నీకు తెలుసుగా.”

అపోండికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మర్నాడు చూడ్డానికి వచ్చిన కూతురు అకేలోను వంటింట్లోకి లాక్కెళ్ళి, సొట్టలు పడ్డ గిన్నె ఒకటి చేతికిచ్చింది.

“నన్ను పూడ్చేటప్పుడు ఇది నా కుడిచేతి పక్కన పెట్టు. మరిచిపోయావో, చూడు!”