స్వామివారు చెప్పిన పచ్చ

1937, మాఘమాసం, మంగళవారం. దోనెలో ఉన్నవారు: పోలయ్య, అతని భార్య నాగమ్మ, నేను.

ఉదయం ఆరున్నరకు తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కాను. నేను సర్వే ఉద్యోగంలో ఉన్నప్పుడు కొల్లేటిలో నా పడవ నడిపినవాడు పోలయ్య. ఈ ఎన్నికల్లో తాను గెలిస్తే పోలయ్యవాళ్ల లంక పక్క నీళ్లన్నీ తన పాటలో కలుపుకుంటానని, కొల్లేటి చేపలు వేలంలో పాడుకున్న పాటదారు చాటుతున్నాడు. పోలయ్య వల వేసేది అక్కడే. ఆ పాటదారుకు ఓటు వేయవద్దని చెప్పడానికే బయలుదేరాను.

రైల్లో ఎదురుగా కూర్చున్న మిషన్ బడి మాస్టారు నేను వెళ్లే పని విని నవ్వారు. “వాళ్లకు గురువు స్వామివారు, మాకు పాదిరిగారండి. మొన్న ఆదివారం ప్రార్థనలోనే మా ఓటు తేల్చేశారు.”

ఎనిమిదింటికి ఏలూరు. రెండిడ్లీలు, కాఫీ. జట్కాలో రేవు చేరి పోలయ్య దోనె ఎక్కేసరికి పది.

గడ వేస్తూ పోలయ్యే ఓటు మాట ఎత్తాడు. “తప్పదండి. స్వామివారు తీర్థమిచ్చి, పచ్చ పెట్టెలో వెయ్యమని మాట తీసుకున్నారు. తప్పితే మా అమ్మ తద్దినానికి రారండి.”

“రేపు వలెక్కడ వేస్తావు, తీర్థం గిన్నెలోనా?” అంది నాగమ్మ.

నాకొక ఆలోచన తట్టింది. పోటీదారు ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఓటు పెట్టె; పాటదారుది ఆకుపచ్చ. ఎదుటివారిది పసుపుపచ్చ. “రెండూ పచ్చే కదా పోలయ్యా! పసుపుపచ్చలో వేసినా మాట తప్పినట్టు కాదు.”

పోలయ్య గడ ఆపాడు. “నిజమేనండోయ్!” అన్నాడు. ఆపైన దారంతా ఈల వేస్తూ నడిపాడు.

పన్నెండున్నరకు లంక చేరాం. పోలింగు బడిలో. పోలయ్య వరుసలో నిలబడ్డాడు. ముందు ముగ్గురే ఉండగా వరుస విడిచి, పక్కింటి అరుగు మీద భోజనానికి కూర్చున్న స్వామివారి దగ్గరికి వెళ్లాడు. చేతులు కట్టుకుని, “ఏ పచ్చండి?” అని అడిగాడు.

స్వామివారు ముందున్న అరిటాకు చూపించారు.

పోలయ్య మళ్లీ వరుస చివర నిలబడి, ఓటు వేసి వచ్చాడు. “సందేహంతో వెయ్యకూడదు కదండీ,” అన్నాడు. నాగమ్మకు ఓటు లేదు.

మర్నాడు ఏడింటికి బయలుదేరాం. ఓట్ల లెక్కింపు ఇంకా కాలేదు. అప్పుడే పాటదారు మనుషులు లంక పక్క నీళ్లలో హద్దు గుంజలు పాతుతున్నారు. స్వామివారు తెల్లవారకముందే వెళ్లిపోయారట. నాగమ్మ గుమ్మం దాటి రాలేదు.

కొల్లేరు చూడదలచినవారికి ఈ దారి సులువే, పక్షులు కోకొల్లలు. నాకు మాత్రం మళ్లీ వెళ్లాలని లేదు. తొమ్మిదిన్నరకు నన్ను రేవులో దించి, పోలయ్య అక్కడున్న పాటదారు గుంజలు దోనెలోకి ఎత్తుకోసాగాడు.

“కూలికి పిలిచారండి,” అన్నాడు.

అవి అతని నీళ్లలో పాతడానికే.