జీవాలు లేని రోడ్డు

మొన్న ఆదివారం మా తమ్ముడు నెల్లూరు నుంచి వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. పిల్లల బట్టల సంచీని బస్టాండులోనే మర్చిపోయాడు గానీ, ఈ పెట్టెను మాత్రం దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. విప్పితే లోపల ఒక స్టీరింగు, కాళ్ళకింద పెట్టుకునే బ్రేకు, క్లచ్చు, గేర్ల కర్ర. లాప్‌టాప్‌కి తగిలించి కార్ల రేసు ఆడుకునే సామాను. వాడు కార్ల షోరూములో పనిచేస్తాడు. పొద్దంతా కార్లు అమ్మి, ఇంటికొచ్చి మళ్ళీ బొమ్మ కార్లు తోలుకుంటాడు. ఏం పిచ్చో!

"అక్కా, చూడు, సీటు మీద కుట్లు కూడా కనిపిస్తాయి. వాన పడితే టైరు జారతాది. బ్రేకు వేడెక్కితే పట్టదు. అచ్చం నిజం కారే," అన్నాడు.

కార్లన్నీ ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూపించాడు. ఎర్రవి, పచ్చవి, పైకప్పు లేనివి, నేలకు అతుక్కొని పోయేవి, వందల రకాలు. చీరల కొట్లో కొనే ఉద్దేశం లేకుండా కూర్చున్న దానిలాగా అన్నిటికీ తలాడించాను. చూపించేవాడికి ఓపికుంటే చూసేదానికి పోయేదేముంది!

కానీ ఆ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాక అలవాటుగా వెనక్కి తిరిగి చూశాను. నాయన గుర్తొచ్చాడు. నాయన పోయి ఏడాది దాటింది. వెనకాల మంచం మీద కూర్చుని అరిచే ఆ మనిషి లేకుండా నాకు అది ఆటలాగే అనిపించలేదు. "నువ్వే ఆడుకోరా" అని లేచి వచ్చేశాను. ఎందుకో వాడికీ తెలుసు.

మాది మర్రిపాడు దగ్గర మెట్ట ఊరు. ఇంట్లో అందరికీ జీవాలే ఆధారం. మా వైపు జీవాలంటే గొర్రెలూ మేకలూ. నేను హైస్కూల్లో చదివేటప్పుడు బద్వేలు రోడ్డు మీద నాయన మందను దాటిస్తుంటే ఒక లారీ ఆగకుండా మధ్యలోకి దూసుకొచ్చింది. నాయన రోడ్డుకి అడ్డంగా నిలబడి తుండుగుడ్డ ఊపుతూనే ఉన్నాడట. ఎన్ని పోయాయో ఆయన ఎన్నడూ చెప్పలేదు, మేము అడగనూ లేదు. ఆ రోజు నుంచి స్టీరింగు పట్టుకున్న మనిషి ఎవరైనా సరే, ఆయనకు శత్రువే.

నేను ఆత్మకూరులో డిగ్రీ చదివే రోజుల్లో అక్కడొక నెట్ సెంటరు మూసేస్తుంటే, మా తమ్ముడు ఏడ్చి మొత్తుకొని అందులోని పాత కంప్యూటరొకటి ఇంటికి తెప్పించాడు. చదువుకోసమని చెప్పాడు. చదువు సంగతి దేవుడెరుగు, అందులో ఉన్నది ఒకే ఒక కార్ల రేసు ఆట.

వాడికి రకాలు కావాలి. పందేనికొక కారు. రంగు మార్చేవాడు, చక్రాలు మార్చేవాడు, తోలేదానికంటే సింగారించేదానికే ఎక్కువ సేపు పట్టేది. నాకు అట్లా కాదు. ఆట మనకు చాలా సాయం చేస్తుంది. మలుపు రాగానే తనే కాస్త బ్రేకు వేస్తుంది, ఎటు పోవాలో రోడ్డు మీద పచ్చగీత గీసి చూపిస్తుంది. నేను అవన్నీ తీసేసేదాన్ని. కారు బయటినుంచి కనిపించకూడదు, లోపల సీట్లో కూర్చున్నట్టే అద్దంలోంచి రోడ్డు కనపడాలి. తమ్ముడు, "ఎందుకక్కా నీకీ కష్టం?" అనేవాడు.

ఎందుకంటే నాకు నిజంగానే బండి తోలాలని ఉండేది. అప్పట్లో సంతకు పొట్టేళ్ళు తీసుకుపోవాలంటే ఎవరిదో ట్రాలీ బండి మాట్లాడుకోవాలి. వాడు రమ్మన్నప్పుడు రాడు, వచ్చినా గతుకుల్లో ఎగరేసుకుంటూ తోలేవాడు. మనమే ఒక బండి తీసుకుందామని అమ్మ పోరుతుండేది. సరే, తోలేదెవరు? తమ్ముడికి కార్లంటే ప్రాణమే గానీ జీవాల వాసన పడదు. ఒకరోజు అన్నాలప్పుడు తెగించి అనేశాను.

"నేను తోలతాను నాయనా."

"ఏంది?"

"బండి. నేర్చుకొని నేనే తోలతాను."

"నోరు మూసుకొని అన్నం తిను మే."

అమ్మ మధ్యలో దూరింది. "ఆడపిల్ల బండి తోలితే ఊళ్ళో ఏమనుకుంటారు?"

నాయన అమ్మ మీదికి తిరిగాడు. "ఊరి గొడవ ఎందుకు మే మనకి? మొగోడు తోలినా నాకు నమ్మకం లేదు. స్టీరింగు చేతికొస్తే ఎవురికైనా కళ్ళు పోతాయి."

చూడండి న్యాయం! ఆడదాన్నని వద్దంటే పోట్లాడేదాన్ని. మనుషులెవరినీ నమ్మనంటే ఏమని పోట్లాడేది? కంచం ముందునుంచి లేచి పోయాను.

ఆ మరుసటి సాయంత్రం మందను దొడ్లోకి తోలి, కాళ్ళు కడుక్కొని నాయన మా వెనకాల మంచం మీదికి వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ మా కంప్యూటరు వైపు చూసిన మనిషి కాదు. కాసేపు ఊరికే చూశాడు.

"ఈ రోడ్డు యాడుండాది?"

"ఏదో దేశంలో నాయనా," అన్నాడు తమ్ముడు.

"ఆడ జీవాలు లేవా?"

"ఇది రేసు రోడ్డు. జీవాలు రావు."

"కుక్కలు?"

"రావు."

"తాగినోడు కూడా రాడా?"

తమ్ముడు పడీపడీ నవ్వాడు. నాయన నవ్వలేదు. "ఇన్ని రకాల కార్లు పెట్టినోడు, రోడ్డుకి అడ్డమొచ్చేవాటిల్లో ఒక్క రకమన్నా పెట్టకపోయినాడే," అన్నాడు.

అప్పుడు తోలుతున్నది నేను. ఉన్నట్టుండి వెనకనుంచి పెద్ద కేక. "జీవం వచ్చినాది! ఆపు!"

నేను నవ్వేసి ముందుకే పోయాను. నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. అన్నాలప్పుడు అమ్మతో, "ఆపలేదు మే అది," అన్నాడు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"లేని జీవం కోసం ఎట్లా ఆపేది నాయనా?"

"ఉండేది మాత్రం ముందే కనపడతాదా నీకు? కంపలోనించి దూకిందాకా అది లేనట్టే."

మర్నాడు పొద్దున్న కాలేజీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు పక్క కంపలన్నీ చూసుకుంటూ పోయాను. సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని, "రా నాయనా, కేకెయ్యి. ఈసారి ఆపుతా," అన్నాను.

అట్లా మొదలైంది. ఆయన అరుస్తాడు, నేను ఆపాలి. చెప్పినంత తేలికా అది! బ్రేకు మీట ఒక్కసారిగా నొక్కితే చక్రాలు బిగుసుకుపోయి కారు బొంగరంలా తిరిగి గోడకు కొట్టుకునేది. తమ్ముడు మీట నొక్కితే కారు మళ్ళీ కొత్తదై నిలబడేది. అది చూస్తే నాయనకు మహా కోపం. "అట్లా కొత్తది చేసేటట్టయితే ఇంక నేర్చుకునేదేంది?" అనేవాడు. ఒకసారి గోడకు కొడితే ఆ పూటకు ఆట బంద్ అని కట్టడి పెట్టాడు. తమ్ముడి ఏడుపు చూడాలి!

ఇంకో రోజు తమ్ముణ్ణి పిలిచి, "వీటన్నిట్లో నిదానంగా పొయ్యేది ఏదిరా?" అని అడిగాడు. వాడికి తల కొట్టేసినట్టయింది. అన్ని కార్లలో నెమ్మదైనది ఎవడైనా వెతుకుతాడా? గొణుక్కుంటూ వెతికి, అట్టడుగున పడి ఉన్న ఒక పాత బుల్లి కారును బయటికి తీశాడు. ఆ రోజు నుంచి నాకు అదే. ప్రతి పందెంలో ఆఖరు నేనే.

"అది రేసు నాయనా, ఆగితే ఓడిపోతాను," అన్నానొకసారి ఉక్రోషంగా.

"ఓడిపోతే ఏమైతాది? ఎవురన్నా సచ్చిపోతారా?"

రానురాను ఆయనకూ రుచి పట్టింది. ఉత్త జీవాలతో సరిపెట్టుకోలేదు. ఆ దేశంకాని దేశపు రోడ్డు మీదికి మా ఊరంతా తోలుకొచ్చాడు. ఫలానా మలుపు మన వాగు మలుపు అనేవాడు. ఆడ బర్రె పడుకోనుండాది, అనేవాడు. ఇస్కూలు వదిలినారు, పిల్లకాయలు వస్తా ఉండారు చూసుకో, అనేవాడు. ఒకసారి, "మీ మేనత్త బిందె ఎత్తుకొని వస్తా ఉండాది, హారను కొట్టినావంటే తిట్లు తింటావు," అన్నాడు. నవ్వలేక నా కళ్ళవెంట నీళ్ళు కారాయి, కారు పోయి గోడకు కొట్టుకుంది. అమ్మ కూడా పొయ్యి దగ్గర పని వదిలేసి వచ్చి చూసేది. ఆ సాయంత్రాలంత సుఖం నాకు మళ్ళీ దొరకలేదు. ఆట సీట్ల కుట్లు ఎంత బాగా చూపిస్తే మాత్రం ఏం లాభం?

ఉదయగిరిలో మా మేనమామ ఉన్నాడు, చెక్క గరిటెలూ స్పూన్లూ చెక్కడం ఆయన పని. నాయన ఆయనకు చెప్పి నాకోసం కొండకర్రతో ఒక స్టీరింగు చేయించాడు. ఎంత నునుపుగా చేశాడో, మధ్యలో పువ్వు కూడా చెక్కాడు. తీరా తెచ్చాక, దాన్ని కంప్యూటరుకు ఎట్లా తగిలించాలో ఎవరికీ తెలియదు! నాయన మొహం చిన్నబోయింది. కొన్నాళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకొని ఊరికే తిప్పి, చేతులు ఎట్లా మార్చాలో నేర్చుకున్నాను. తర్వాత అమ్మ దాని అడ్డకర్రలు ఊడగొట్టి కుండ దొర్లకుండా దాని కింద కుదురులాగా పెట్టుకుంది.

డిగ్రీ అయ్యాక ఆత్మకూరులోనే డ్రైవింగు నేర్చుకున్నాను. మొదటిరోజే తెలిసింది, ఆటలో ఏమేమి లేవో. ఇంజను వణుకు తొడల్లోకి పాకడం, క్లచ్చు వదలగానే బండి గొంతు పట్టుకున్నట్టు ఆగిపోవడం, వెనకాల బస్సువాడు హారను మోగిస్తుంటే చేతులకు చెమటలు పట్టడం. అయినా బ్రేకు సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. లైసెన్సు వచ్చింది. తెచ్చి నాయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో బాగుందన్నాడు. బండి మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం నేను కడుపులోదంతా కక్కేశాను. "ఇంకెన్నాళ్ళు నాయనా? నీకు లారీవాళ్ళ మీదుండే కోపం నా మీద తీర్చుకుంటా ఉండావు. ఇష్టం లేకపోతే లేదని చెప్పు, నేను ఇంక అడగను."

నాయన మంచం మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. నేను కోపంకొద్దీ పోయి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆయన అరుస్తాడేమోనని చూశాను, అరవలేదు. ఎవరూ లేని రోడ్డు, ఒక్కదాన్నే తోలుతూ ఉన్నాను. చాలాసేపు పోయాక ఒక మలుపులో రోడ్డు పక్కన ఎత్తుగా గడ్డి కనిపించింది. ఆటలో ఎప్పుడూ ఉండే గడ్డే. నిజం బండిలో కాలు బ్రేకు మీదికి పోయినట్టు, నా వేలు తనంతట తనే బ్రేకు మీట మీదికి పోయింది. కారు జారకుండా, పక్కకు పోకుండా, ఉన్నచోట ఆగింది.

"ఎందుకు ఆపినావు?" అన్నాడు నాయన వెనకనుంచి.

"ఏమో నాయనా. గడ్డి కదిలినట్టుంటే."

మంచం కిర్రుమంది. "దాటినాదా?" అన్నాడు.

"ఒకటి దాటింది. దాని వెనక ఇంకా వస్తా ఉండాయి."

"రానీ. ఒకటి దాటినాదంటే మందంతా దాటతాది. తొందరపడబాక."

ఇద్దరం అట్లాగే ఆ ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్నాం. ఆయన గొంతు మామూలుగా లేదు, వెనక్కి తిరిగి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి ఆయనే, "అన్నీ దాటినాయి. ఇంక పద," అన్నాడు.

ఆ పక్క నెలలోనే ట్రాలీ బండి మా వాకిట్లోకి వచ్చింది.

మొదటిసారి ఆత్మకూరు సంతకు పొట్టేళ్ళు ఎక్కించుకొని బయలుదేరినప్పుడు ఇంకా బాగా తెల్లారలేదు. మలుపు వచ్చినప్పుడల్లా వెనకాల పొట్టేళ్ళన్నీ ఒకవైపు ఒరిగి బండిని తమ వైపు లాగుతుండేవి. దాన్ని ఏ ఆటా నాకు నేర్పలేదు. పళ్ళు బిగబట్టి తోలాను. నాయన పక్క సీట్లో, ముందున్న రేకు మీద అరచెయ్యి ఆనించి, రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు.  ఆయన మనసు మారిందంటే ఈ బండి మళ్ళీ నా చేతికి రాదు.

"భయంగా ఉండాదా నాయనా?" అన్నాను.

"నువ్వు రోడ్డు చూడు మే."

చూశాను. రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. కొంత దూరం పోయాక ఏదో గురగుర వినపడింది. ఇంజనుకేమైనా అయిందేమో అనుకున్నాను. వేగం తగ్గించి పక్కకు చూస్తే, నాయన నిద్రపోతున్నాడు. చెయ్యి రేకు మీదనుంచి ఒళ్ళోకి జారిపోయింది. నోరు తెరుచుకొని, తల కిటికీకి ఆనించి, గుర్రు పెడుతున్నాడు. లారీ సంగతి జరిగినప్పటినుంచి ఆయన బస్సెక్కినా సీట్లో కూర్చునేవాడు కాదు. ఉదయగిరి దాకా డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చేవాడు. అట్లాంటి మనిషి నా పక్కన నిద్రపోయాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఏడిస్తే రోడ్డు కనపడదని ఆపుకున్నాను.

ఆత్మకూరు సంతలో చెట్టునీడ చూసి బండి ఆపాను. వెనకాల పొట్టేళ్ళు అరుస్తూనే ఉన్నాయి, అయినా ఆయనకు మెలకువ రాలేదు. ఒక వ్యాపారి వచ్చి తలుపు మీద కొట్టబోయాడు.

"ఆగయ్యా! మా నాయన నిద్రపోతా ఉండాడు," అన్నాను.

"బేరం మాట్లాడుకోవాల గదమ్మా. గిరాకీ పోతాది."

"పోతే పోనీ. లేచినాక మాట్లాడుకుందాం."

వాడు నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. నేను దిగి పొట్టేళ్ళకు నీళ్ళు పెట్టి, తలుపు చప్పుడు కాకుండా మళ్ళీ వచ్చి నా సీట్లో కూర్చున్నాను. సంత సగం ఖాళీ అయ్యేదాకా నాయన్ని లేపలేదు.